చుట్టం పైకొచ్చిన నెల

"చుట్టం పైకొస్తోంది. నీ బల్ల మీదికే," అంది పెద్దక్క.

నేను అప్పుడు సింకు దగ్గర బ్రష్షులు కడుగుతున్నాను. చేతిలో ఉన్నది జారి నీళ్ళలో పడింది. సంతోషం ఎక్కువైతే నేను వెంటనే మాట్లాడలేను, ఎవరి మొహమైనా చూడాలి. వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశాను. ఆయన మైక్రోస్కోప్‌లోంచి తల ఎత్తలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి సంతోషం వస్తే ముందు చెవులకే వస్తుందని పెళ్ళయ్యాకే కనిపెట్టాను. నేను కనిపెట్టిన గొప్ప విషయాల్లో అది మొదటిది.

చుట్టం అంటే మనిషి కాదు. మా మ్యూజియం నేలమాళిగలో, నేను పుట్టకముందు నుంచీ ప్లాస్టర్ కట్టులో పడుకుని ఉన్న ఒక రాయి. దాని లోపల మొసలికి దూరపు బంధువైన ఒక జంతువు తల ఉంది. ఎవరో ఎప్పుడో తవ్వి తెచ్చారు, తర్వాత చూద్దాంలే అనుకున్నారు, ఆ తర్వాత అనేది రాలేదు. "ఇంటికొచ్చిన చుట్టం ఇన్నేళ్ళు కదలకుండా ఉండిపోవడం ఎక్కడైనా చూశారా?" అని మా జిగురు మావయ్య అన్న రోజు నుంచి దానికి ఆ పేరు ఖాయమైపోయింది.

జిగురు మావయ్య మా ఎవరికీ మావయ్య కాదు. రాయిలోంచి బయటపడ్డ ఎముకలని అతికించడం, వాటికి ప్లాస్టర్ నకళ్ళు పోయడం ఆయన పని. మా గదిని అందరూ ఎముకల గది అంటారు. గదికి పెద్ద పెద్దక్క. మిగిలింది మేమిద్దరం. రాయిని కొంచెం కొంచెంగా చెక్కి లోపలి శిలాజాన్ని బయటికి తియ్యడం మా పని. మా ఆయన్ని ఆ గదిలో నిదానం అంటారు, నన్ను తుఫాను అంటారు. ఎందుకో వివరించక్కర్లేదు.

"మ్యూజియం ముందు హాలుని నెలాఖరుకి మళ్ళీ తెరుస్తున్నారు," అంది పెద్దక్క. "గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో ఎవరూ ఇంతవరకు చూడనిది ఏదైనా పెట్టమన్నారు. చుట్టం పేరు చెప్పాను. నెలాఖరుకి తయారైతే పెట్టెలోకి వెళ్తుంది. కాకపోతే మావయ్య పోసిన ప్లాస్టర్ నకలు ఏదో ఒకటి అందులో పెట్టి, దీన్ని మళ్ళీ కిందికి పంపిస్తారు. ఈసారి కిందికెళ్తే నా సర్వీసులో మళ్ళీ పైకి రాదు."

"నాకెందుకు ఇస్తున్నారు పెద్దక్కా?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది, నోరు ఊరుకోలేదు.

"నిదానానికిస్తే అద్భుతంగా చేస్తాడు. మీ పిల్లలు పెళ్ళికెదిగేసరికి." మావయ్య పగలబడి నవ్వాడు. "నీకిస్తే నెలలో అయిపోతుంది. చివరికి ఎంత మిగుల్తుందన్నదే నా భయం."

అప్పటిదాకా నేను చేసినవన్నీ పక్కటెముకలు, వెన్నుపూసలు, ఇంకొకరు సగం చేసి వదిలేసిన ముక్కలు. మొత్తంగా నాది అని చెప్పుకునే రాయి అదే మొదటిది.

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. దారిలో దిగి మా ఆయనకి బూట్లు కొన్నాను. రోజంతా నిలబడి పనిచేస్తే ఆయనకి మడమలు నొప్పులు. అడుగున మందంగా రబ్బరు, లోతుగా గాళ్ళు ఉన్న బూట్లు. కొండలెక్కేవాళ్ళు వేసుకుంటారట.

"ఎముకల గదిలో ఇలాంటివి వేసుకోకూడదు కదా," అన్నారాయన, బూటుని తిరగేసి అడుగు చూస్తూ.

నిజమే. మా గదిలో అందరికీ అడుగు నున్నగా ఉండే పల్చటి చెప్పులు గుమ్మం దగ్గర ఉంటాయి. చిన్న ముక్క ఏదైనా కింద పడితే చెప్పులో ఇరుక్కోకూడదని.

"అయితే తిరిగి ఇచ్చేద్దామా సార్?" అన్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. ఆయన నాకంటే సీనియరు కాబట్టి పెళ్ళికి ముందు సార్ అని పిలిచేదాన్ని. పెళ్ళయ్యాక ఏమండీ అనడం ఎంత ప్రయత్నించినా నోటికి పట్టలేదు. ఇంట్లో కూడా "సార్, ఉప్పు సరిపోయిందా?" అంటూ ఉంటాను. ఆయన గంభీరంగా "సరిపోయిందమ్మా, సంతకం ఎక్కడ పెట్టాలి?" అంటారు. రోజుకి రెండుసార్లయినా ఈ మాట మీద నవ్వుకుంటాం. పక్కవాళ్ళకి ఇందులో నవ్వడానికేముందో అర్థం కాదు. మాకూ అర్థం కాదు.

మర్నాడు ఆయన ఆ బూట్లతోనే గదిలోకి వచ్చారు. రూలు అంటే ప్రాణం పెట్టే మనిషి. పెద్దక్క బూట్ల వంక చూసింది, నా వంక చూసింది. "కొత్త పెళ్ళికొడుకు. పోనీలే," అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పెళ్ళిలో మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒకరి రాయి మీద ఇంకొకరం చెయ్యి వెయ్యకూడదు. లేకపోతే నేను ఏం చేసినా అది మా ఆయన చేసిచ్చారంటారు. ఆయన ఆలస్యం చేస్తే నా వల్లనే అంటారు. కాబట్టి చుట్టం నా బల్ల మీదికి వచ్చాక ఆయన అటు తల కూడా తిప్పలేదు. తన చేప రెక్క శిలాజం ముందు కూర్చుని, ఒక్కో ఇసుక రేణువునీ పేరు పెట్టి పిలిచి పక్కకి జరుపుతున్నట్టు పనిచేసుకుంటూ ఉండిపోయారు.

నేను మాత్రం దున్నేశాను. మా చేతిలో ఒక పరికరం ఉంటుంది. పెన్నులా పట్టుకోవాలి, గాలి ఒత్తిడికి దాని మొన టకటకమంటూ రాయిని కొడుతుంది. గాలి పెన్ను అంటాం. చుట్టం మీది రాయి పెళుసుగా, బిళ్ళలు బిళ్ళలుగా ఊడి వచ్చేది. మొదటి వారంలో ముక్కు బయటపడింది. రెండో వారంలో పళ్ళు కనిపించాయి. గోధుమరంగులో, నిలువు చారలతో, ఒకదాని పక్కన ఒకటి. మొదటి పన్ను కనిపించినప్పుడు నాకు నవ్వాగలేదు. ఎన్ని కోట్ల ఏళ్ళ తర్వాతో ఎవరో ఒకరికి నోరు తెరిచి చూపించింది, ఆ ఎవరో నేను.

ఇంటికెళ్ళాక మా ఆయన టీ కలుపుతూ అన్నారు. "ఇవాళ చప్పుడు కొంచెం తేడాగా ఉంది."

"ఏ చప్పుడు?"

"నీ పెన్నుది. రాయి మీదయితే ఒక రకంగా మోగుతుంది. ఎముక దగ్గరికొస్తే సన్నగా, టిక్కుమని మోగుతుంది. ఇవాళ రెండోది ఎక్కువసార్లు వినపడింది."

"సార్, మనం ఏమనుకున్నాం?"

"చెయ్యి వెయ్యకూడదనుకున్నాం. చెవి వెయ్యకూడదని అనుకోలేదు."

నేను ఆయన చెవి మెలిపెట్టాను. టీ పొంగిపోయింది. ఆయన చెప్పిన మాట మాత్రం ఆ రోజు నా తలకెక్కలేదు.

మూడో వారంలో, అన్నిటికంటే ముందు నిలబడే పొడుగాటి పన్ను దగ్గరికి వచ్చాను. దాని మొదట్లో చిన్న పగులు ఉంటే జిగురు వేశాను. వేసే తొందరలో సీసా ఒరిగి కింద నాలుగు చుక్కలు పడ్డాయి. కాలితో గుడ్డ తోసి తుడిచాననిపించుకున్నాను. జిగురు ఆరేదాకా ఆగాలి. నేను ఆగానని చెప్పను. పెన్ను పెట్టాను, టిక్కుమంది, పన్ను కొన ఎగిరిపోయింది.

మా గదిలో ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముక్క ఎగిరిందంటే, ఎగరగొట్టినవాళ్ళు "ఆగండి" అనాలి. ఎవరు ఎక్కడ ఎలా ఉంటే అలాగే బొమ్మల్లా ఉండిపోవాలి. చేతిలో కప్పు ఉంటే కప్పుతో, ఆవలింత సగంలో ఉంటే ఆవలింతతో. టార్చి లైటు వేసి ముక్క దొరికేదాకా ఎవరూ అడుగు తీసి అడుగు వెయ్యకూడదు. ఒకసారి జిగురు మావయ్య కుర్చీలోంచి సగం లేచి, ఆ భంగిమలోనే చాలాసేపు ఉండిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు నడుం పట్టుకుని నడిచాడు.

నేనూ ఆగండి అన్నాను. కానీ దాని ముందు అమ్మా అని వచ్చింది, చెయ్యి కంటి మీదికి వెళ్ళింది.

పెద్దక్క ఆగిపోయింది. మావయ్య ఆగిపోయాడు. మా ఆయన పరుగెత్తుకొచ్చారు.

గోడ లేచి నడిచినా వాళ్ళిద్దరూ అంతలా చూసేవాళ్ళు కాదు. ఎప్పుడూ ఎవరి కోసమూ వేగంగా నడవని మనిషి, బల్లల మధ్యనుంచి మూడంగల్లో వచ్చి నా మొహం రెండు చేతులతో పట్టుకున్నారు.

"కంటికి తగిలిందా?"

"లేదు. పన్ను విరిగింది."

"నీ పన్నా?"

"చుట్టం పన్ను."

అప్పుడు ఆయన తన కాళ్ళ వంక చూసుకున్నారు. ఎక్కడ నిలబడి ఉన్నారో అప్పుడు తెలిసింది. చెవులు తెల్లబడిపోయాయి. చెవులు తెల్లబడటం నేను అదే మొదటిసారి చూశాను.

"నిదానం పరుగెత్తాడు," అన్నాడు మావయ్య, కదలకుండా, పెదవులు మాత్రం కదిపి. "ఇక నేను ఏది చూసినా ఆశ్చర్యపోను."

"వేళాకోళం చాలు. ఎంత ఉంటుంది ముక్క?" అంది పెద్దక్క.

"బియ్యపు గింజంత. కొంచెం పొడుగు."

నలుగురం నేల మీద పాకాం. నాడాలు కొట్టించుకునే గుర్రాల్లా ఒక్కొక్కరం కాలెత్తి అడుగు చూపించాం. మా ఆయన బూట్ల గాళ్ళలో దుమ్మంతా మావయ్య బ్రష్షుతో తెల్ల కాగితం మీదికి దులిపాడు. రాతి నలుసులు వచ్చాయి. గాళ్ళలో అక్కడక్కడా నల్లగా గట్టిపడ్డ జిగురు ఉండలు కూడా ఉన్నాయి. మా గదిలో జిగురంటని చెప్పు ఉండదు కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పన్ను కొన మాత్రం దొరకలేదు.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో మొదటి పేచీ వచ్చిన రోజులు. మా ఆయన గది మొత్తం ఊడ్చి, ఆ దుమ్ముని సంచిలో పోసుకుని, భోజనాల వేళ టీ వడగట్టే జల్లెడతో తెల్ల కాగితం మీద కొంచెం కొంచెంగా జల్లించేవారు. ఇది ఒప్పందానికి విరుద్ధం అన్నాను. "ఇది చెత్త. చెత్త మీద మన మధ్య ఒప్పందం లేదు," అన్నారు.

"అలా వెతికితే హాలు తెరుస్తారు, మళ్ళీ మూస్తారు కూడా."

"తొక్కింది నేను కదా."

"విరిచింది నేను కదా."

ఎవరిది పెద్ద తప్పో తేలక ఇద్దరం మూతి ముడుచుకుని పడుకున్నాం. పొద్దున్నే ఆయన పాలు తేవడానికి కిందికి వెళ్ళి వస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. ఎడమ కాలు మెత్తగా, కుడి కాలు టిక్కుమని. కొత్త బూటు పాడటం మొదలుపెట్టిందనుకున్నాను. పేచీ మర్చిపోయి, ఆయన తలుపు కొట్టకముందే తీసి నిలబడ్డాను. ఆ రోజు నుంచి అది నాకో ఆట అయింది. మెత్తన, టిక్కు, మెత్తన, టిక్కు. ఎంతమంది మెట్లెక్కినా మా ఆయన ఎవరో నాకు తెలిసిపోయేది. ఇలాంటి వాటికి నేను మురిసిపోతానని మా సొంత అక్క ఎప్పుడూ వెక్కిరిస్తుంది.

చుట్టం విషయానికొస్తే, అద్దాల పెట్టెలో గోడవైపుకి వెళ్ళే చెంప ఇంకా పూర్తిగా రాయిలోనే ఉంది. మిగిలిన రోజుల్లో దాన్ని కూడా దున్నేస్తే తల రెండు వైపులా శుభ్రంగా ఉంటుంది. పెన్ను పట్టుకుని మొదలుపెట్టాను. టక్, టక్, టక్, టిక్.

చెయ్యి ఆగిపోయింది. ఈసారి వినపడింది.

మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ చెంప ఎముక కాగితమంత పల్చగా, బీటలు బీటలుగా ఉంది. దాన్ని నిలబెట్టింది ఆ రాయే. రాయి తీస్తే ఎముక మావయ్య జిగురుకి కూడా అందనంత పొడి అయిపోతుంది. పెన్ను కింద పెట్టి పెద్దక్క దగ్గరికి వెళ్ళాను.

"గోడవైపు చెంప రాయిలోనే ఉంచేస్తాను పెద్దక్కా."

"పని ఎగ్గొడుతున్నావా, ఆలోచించి చెప్తున్నావా?"

"రెండూ కొంచెం కొంచెం."

ఆవిడ వచ్చి చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఉంచెయ్. రాయి ఎప్పుడైనా ఎవరైనా తియ్యొచ్చు. తీసేశాక మళ్ళీ పెట్టలేం. ఆ మిగిలిన రోజులు ఏం చేస్తావు?"

"కంటి చుట్టూ ఉన్న అంచు. పెన్నుతో కాదు, సూదితో."

"సూదితో నువ్వా?" అంది.

సూదితోనే చేశాను. రోజంతా కూర్చుంటే గోరంత బయటపడేది. మొదటి రోజు కాళ్ళూ చేతులూ దురద పెట్టాయి. రెండో రోజు నుంచి, నమ్మరు గానీ, బాగుంది. రేణువులు ఒకదాని తర్వాత ఒకటి పక్కకి తప్పుకుంటుంటే గుండ్రంగా ఒక కన్ను తెరుచుకుంటోంది. పక్క బల్ల దగ్గర రెండు చెవులు ఎర్రగా ఉన్నాయని చూడకుండానే తెలుస్తోంది.

కన్ను పూర్తయిన రోజు సాయంత్రం పెద్దక్క చుట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాగుంది. చాలా బాగుంది. రేపు పొద్దున పుట్టీతో పన్ను కొన చేసి పెట్టు. సాయంత్రం అద్దాల పెట్టెకి తాళం వేస్తారు."

"దాని కొన ఎటు వంగి ఉండేదో, ఎంత సన్నగా ఉండేదో నాకెలా తెలుస్తుంది?"

"పక్క పన్ను చూసి చెయ్యి. అందరం చేసేదే."

"ఖాళీగానే వదిలేస్తే?"

"గుమ్మంలో నిలబెట్టేదాన్ని మొండి పన్నుతో నిలబెడితే పైవాళ్ళు ఒప్పుకోరు. మావయ్య నకలు పెట్టెయ్యమంటారు. చెయ్యమ్మాయ్. ఇంత దూరం తెచ్చి కిందికి పంపించుకుంటావా?"

మా ఆయన దుమ్ము సంచిలో చివరి గుప్పెడు ఆ మధ్యాహ్నమే జల్లించేశారు. అందులోనూ లేదు.

నేను ముందు ఇంటికి వచ్చేశాను. ఆయన రొట్టె కొనుక్కుని వస్తానన్నారు. కిటికీ దగ్గర కూర్చున్నాను. చేసిన పనిలో నాకు నచ్చనిది ఏదీ లేదు, ఒక్క రేపు చెయ్యబోయేది తప్ప. చూడటానికి వచ్చేవాళ్ళు ముందుగా చూసేది ఆ పన్నునే. ఆ పన్ను కొస నా వేళ్ళు తయారుచేసిన అబద్ధం.

కింద అడుగుల చప్పుడు మొదలైంది. మెత్తన, టిక్కు. మెత్తన, టిక్కు. ఎంత దిగులుగా ఉన్నా ఆ చప్పుడుకి పెదవి విచ్చుకుంటుంది. బూటు పాడటం ఎప్పుడు మొదలుపెట్టిందా అని ఊరికే అనుకున్నాను.

పేచీ వచ్చిన మర్నాడు. అంటే పన్ను విరిగిన తర్వాత.

తలుపు తీసి మెట్ల మీదికి పరుగెత్తాను. "ఆగండి," అన్నాను.

ఆయన ఆగిపోయారు. కుడి కాలు పై మెట్టు మీద పెట్టబోతూ గాల్లోనే, చంకలో రొట్టెతో, ఒక చేత్తో గోడ పట్టుకుని. ఎందుకని అడగలేదు. ఈసారి వెంట్రుక కూడా కదల్లేదు.

నేను మెట్టు మీద కూర్చుని ఆయన కుడి కాలి బూటు విప్పాను. ఆయన భుజాన ఉన్న సంచిలోంచి భూతద్దం తీసుకుని, ఫోను లైటు వేసి అడుగు చూశాను. మడమ దగ్గర గాడిలో ఒక తెల్లటి రాతిపలుకు గట్టిగా బిగుసుకుని ఉంది. మెట్ల మీద టిక్కుమంటున్నది అదే. దాని వెనక, ఇంకా లోతుగా, నల్లటి జిగురు ఉండ. తుడిచాననిపించుకున్న నా నాలుగు చుక్కల్లో ఒకటి. ఎండి బీటవారిన ఆ ఉండ పక్కనుంచి, గోధుమరంగులో, నిలువు చారలతో, బియ్యపు గింజ కంటే కొంచెం పొడుగ్గా ఒకటి తొంగి చూస్తోంది. ముందున్న రాతిపలుకు నేల దెబ్బలన్నీ తను తిని, దాన్ని లోపల దాచిపెట్టింది.

"సార్," అన్నాను. "కాలు దించుకోవచ్చు."

ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. భూతద్దంలోంచి చూశారు. చాలాసేపు చూశారు. "నేనిన్నాళ్ళూ జల్లించింది ఏమిటి మరి," అన్నారు మెల్లగా, నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆయనా మొదలుపెట్టారు. రొట్టె మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయింది.

నవ్వుతూనే జడలోంచి పిన్ను లాగాను. జిగురు ఉండ కిందికి పోనిచ్చి ఒక్కసారి పైకి లేపితే చాలు, వచ్చేస్తుంది. మొన ఉండకి ఆనింది. ఆయన ఏమీ అనలేదు. నా రాయి కాబట్టి అనరు కూడా. ఊపిరి మాత్రం బిగబట్టారు.

పిన్ను తీసి మళ్ళీ జడలో పెట్టుకున్నాను.

"రేపు," అన్నాను. "రేపు మొదటి బస్సుకే వెళ్దాం. బూటు నా ఒళ్ళో పెట్టుకుంటాను. ఇసుక సంచి మీద పెట్టి, మైక్రోస్కోప్ కింద అసిటోన్ చుక్క చుక్కగా వేస్తూ జిగురు కరిగేదాకా కూర్చుంటాను. ఎంతసేపైనా సరే."

"బూటు అడుగు పాడైపోతుంది."

"పోనీ."

ఆయన ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చూశారు. ఆయన ఏ పనికీ ఎప్పుడూ ఇంతలో అవుతుందని చెప్పి ఎరగరు. "మధ్యాహ్నానికల్లా అయిపోతుంది," అన్నారు. "సాయంత్రం తాళం వేసేముందు ఇద్దరం అద్దం ముందు నిలబడి దాన్ని తీరిగ్గా చూద్దాం. అక్కణ్ణుంచి బజారుకెళ్ళి నాకు బూట్లు కొందాం. అడుగు నున్నగా ఉన్నవి."